మూడు రూపాయల వడ్డీ: లెక్క ఎవరికి చెప్పారు, ఎవరి చేత కట్టించారు

(ఊరు, వాడ, బడి – 17వ భాగం)



వడ్డీని శాతాల్లో చెప్పేది మన దగ్గర ఇద్దరే. ఒకటి బ్యాంకు, రెండోది బడిలో లెక్కల పుస్తకం. మిగతా జనమంతా రూపాయల్లో చెబుతాం. 'రెండు రూపాయల వడ్డీకి తెచ్చా', 'మూడు రూపాయలైతే ఇస్తానన్నాడు', 'ఆస్పత్రి ఖర్చు కదా, ఐదు రూపాయలకైనా తెచ్చాం' అంటాం. అంటే వంద రూపాయలకి నెలకి అన్ని రూపాయలు అని. ఇది చిన్న భాషా భేదంలా కనిపిస్తుంది. తెలుగు చెప్పుకునేదాన్ని, లెక్కల టీచర్ని కాను. అయినా ఈ రెండు భాషల మధ్య సందులో ఎంత చరిత్ర ఇరుక్కుని ఉందో ఈ భాగంలో రాయాలనిపించింది. ఎందుకంటే ఇప్పుడు ఎక్కడ చూసినా హైస్కూలు పిల్లలకి ఆర్థిక అక్షరాస్యత నేర్పాలన్న మాట వినిపిస్తోంది. నేర్పాల్సిందే. నా ప్రశ్నల్లా ఎవరి లెక్క నేర్పుతున్నారని.

ముందు ఆ మూడు రూపాయల సంగతి చూద్దాం. యాభై వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి పదిహేను వందలు. ఏడాదికి పద్దెనిమిది వేలు. శాతాల్లో చెబితే 36. ముప్పై నాలుగో నెల నిండకముందే వడ్డీ అసలుతో సమానమైపోతుంది, అసలు మాత్రం అసలుగానే ఉంటుంది. 36 శాతం అని చెబితే ఎవరైనా ఉలిక్కిపడతారు. మూడు రూపాయలంటే టీ డబ్బులు కూడా కాదు. పదంలోనే మత్తుమందు ఉంది.

ఈ కొలత ఎంత పాతదో తెలుసా? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 142వ శ్లోకం తీయండి. అక్కడా ఇదే కొలత, వందకి నెలకి. బ్రాహ్మణుడైతే రెండు, క్షత్రియుడైతే మూడు, వైశ్యుడైతే నాలుగు, శూద్రుడైతే ఐదు. వర్ణం కిందికి దిగేకొద్దీ వడ్డీ పైకి ఎక్కుతుంది. మనం ఆ పట్టికలోనే లేం. వర్ణం బయటి వాడికి వడ్డీ రేటు రాయాల్సిన అవసరం ఆ పుస్తకానికి కనబడలేదు. ఆ పైన 140వ శ్లోకంలో నూటికి నెలకి రూపాయీ పావలా వంతున తక్కువ వడ్డీ ఒకటి ఉంది. తాకట్టు పెట్టిన వాడికి అది, తాకట్టు లేనివాడికి ఈ వర్ణాల పట్టిక అని వ్యాఖ్యాతలు సర్దిచెప్పారు. తాకట్టు పెట్టడానికి ఆస్తి ఎవడికి ఉంటుంది? పదో అధ్యాయం 129లో శూద్రుడు చేతనైనా సరే ధనం కూడబెట్టకూడదని రాసిపెట్టాక?

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి, దాచను. డబ్బు అప్పుకి వడ్డీ ఒక్కసారిగా వసూలు చేస్తే రెట్టింపు దాటకూడదన్న హద్దు 151వ శ్లోకంలో ఉంది. దాన్ని చూపించి మన ధర్మం ఎంత దయగలదో అని మురిసే పెద్దలు ఉన్నారు. అదే శ్లోకంలో రెండో సగం వాళ్ళు చదవరు. ధాన్యం అప్పుకి హద్దు ఐదు రెట్లు. డబ్బు అప్పు చేసేది ఎవరు, గింజల అప్పు చేసేది ఎవరు? విత్తనాల కాలంలోనో, ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లోనో గింజలు తీసుకుని పంటకి ఒకటిన్నర రెట్లు కొలిచే పద్ధతి మన పల్లెల్లో మొన్నమొన్నటి దాకా నడిచింది. తెలంగాణలో దాన్ని నాగు అనేవాళ్ళు. ఆరు నెలలకి ఒకటిన్నర రెట్లంటే వాడ భాషలో ఎనిమిది రూపాయల వడ్డీ పైమాటే.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది 177వ శ్లోకం. అప్పు తీర్చలేనివాడు తన కులం వాడో, తనకంటే తక్కువ కులం వాడో అయితే చాకిరీ చేసి తీర్చాలి. పెద్ద కులం వాడైతే మెల్లమెల్లగా డబ్బే కట్టుకోవచ్చు. పెద్ద కులానికి వాయిదాలు, చిన్న కులానికి జీతం. మన తాతలు 'జీతానికి కుదరడం' అన్న మాట ఎక్కడి నుంచి మోసుకొచ్చారో ఇక్కడ కనబడుతుంది. నెల జీతం కాదు అది. కొడుకు పెళ్ళికి తెచ్చిన నలభై రూపాయలకి ఆ కొడుకే పాలేరుగా వెళ్ళడం.

సరే, శాస్త్రం అలా ఉంది. బడి ఎలా ఉంది?

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరునీ అక్కడి బడుల లెక్క పంపమన్నాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక వాటిల్లో చాలా ప్రసిద్ధం. జిల్లాలో 533 బడులు, అందులో తెలుగువి 226, కన్నడవి 235. పిల్లలు 6,641 మంది. మన ప్రాచీన విద్యావైభవానికి రుజువుగా ఈ నివేదికని పండగలా చూపించేవాళ్ళున్నారు. నేను చదివినప్పుడు నా కన్ను పడింది వేరే చోట. పిల్లలకి ఏం నేర్పేవారో క్యాంబెల్ వివరంగా రాశాడు. ఇసకలో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు, కూడికలు తీసివేతలు, డబ్బు లెక్కలు, తూకాలు కొలతలు. ఆ తర్వాత రకరకాల చేతిరాతల్లో ఉన్న ఉత్తరాలు చదివించడం, మామూలు ఉత్తరాలు రాయించడం, కరారు పత్రాలు రాయడం నేర్పించడం.

ఇంకోసారి చదవండి. కరారు పత్రాలు. రెండు వందల ఏళ్ళ కిందట మన నేల మీద పన్నెండేళ్ళ పిల్లాడికి ఒప్పందం ఎలా రాయాలో నేర్పారు. ఇప్పుడు మనం కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్న ఆర్థిక అక్షరాస్యత అదే కదా! అది లేని కాలం అంటూ లేదు. అది ఎవరికి ఉంది అన్నదే సంగతి. వీధి బడి నడిచేది ఊళ్ళో ఇంటి అరుగు మీద. మాల మాదిగ పిల్లలు ఆ అరుగు ఎక్కలేరు, ఆ వీధిలోకే రాలేరు. కలెక్టర్లు నింపిన పట్టికల్లో బ్రాహ్మణులకి ఒక గడి, వైశ్యులకి ఒకటి, శూద్రులకి ఒకటి, తక్కిన కులాలన్నిటికీ కలిపి ఒకటి, ముస్లింలకి ఒకటి. 'తక్కిన కులాలు' అన్న ఆ గడిలో మనవాళ్ళు ఉన్నారని వాదించేవాళ్ళని నేను ఒక్కటే అడుగుతాను. అరుగు మీద కూర్చోబెట్టుకున్న ఊరి పేరు ఒక్కటి చెప్పండి.

అరుగు మీద ఒకడు పత్రం రాయడం నేర్చుకున్నాడు. అరుగు కింద నిలబడ్డవాడు దాని మీద వేలిముద్ర వేయడం నేర్చుకున్నాడు. ఇద్దరికీ చెప్పింది ఒకే పాఠం, చెరో వైపు నుంచి.

ఇది మొదట గట్టిగా పట్టుకున్నవాడు జోతిరావు ఫూలే. 1882లో హంటర్ కమిషన్ ముందు ఇచ్చిన వాంగ్మూలంలో పల్లె పిల్లలకి ప్రాథమిక బడిలో ఏం చెప్పాలో ఆయన జాబితా ఇచ్చాడు. చదవడం, మోడీ లిపీ బాలబోధ లిపీ రాయడం, లెక్కాపత్రాలు, కాస్త చరిత్ర, భూగోళం, వ్యాకరణం, వ్యవసాయం, ఆరోగ్యం. మోడీ లిపి ఎందుకు? మరాఠీ పురాణాలు ఉండేది బాలబోధలో. కరణాల దస్తావేజులు, షావుకారు ఖాతాలు ఉండేవి మోడీలో. అది రాకపోతే నీ అప్పు ఎంతో నీకు తెలియదు. పద్యాలు ముందా, పద్దులు ముందా అన్న ప్రశ్నకి ఫూలే దగ్గర తడబాటు లేదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఇది మింగుడు పడడానికి కొంత కాలం పట్టిందని మనవి.

మన వైపు, ఒంగోలు కథ ఒకటి ఉంది. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తన దగ్గర బోధకులుగా ఉన్న మాదిగలనే పని చూసేవాళ్ళుగా పెట్టాడు. వేలమంది మాదిగలు, మాలలు అక్కడ తవ్వి కూలి డబ్బు తీసుకున్నారు. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి దగ్గరికి పరుగెడతారు. నేను కాలువ గట్టు దగ్గరే ఆగుతాను. అప్పటిదాకా మాదిగ చెప్పులు కుట్టి, మోటకి తోలు తిత్తి కట్టి, కళ్ళం దగ్గర రైతు దయతలచి కొలిచిన గింజలు తెచ్చుకునేవాడు. ఎన్ని చెప్పులకి ఎన్ని గింజలో ఖాతా లేదు. కాలువ గట్టు మీద పని చూసేవాడూ వాడవాడే, కూలి డబ్బూ చేతికే. తన చాకిరీకి అంకెలో ధర ఉంటుందని ఆ కరువులో చూసినవాడు తిరిగి ఊరికెళ్ళి ఏం ఆలోచించి ఉంటాడు? గుండ్లకమ్మకి వెళ్ళే దారిలో ఆ ఆలోచన కూడా ఉందని నా నమ్మకం.

బాబాసాహెబ్ దగ్గరికొద్దాం. ఆయన్ని రాజ్యాంగానికే కుదించి విగ్రహం చేతిలో పుస్తకం పెట్టాం. ఆయన చదువంతా డబ్బు గురించి. 'రూపాయి సమస్య' 1923లో లండన్‌లో అచ్చయింది. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూర్చుని కరెన్సీ గురించి సాక్ష్యం చెప్పాడు. దానికి ముందు జరిగిన చిన్న సంగతి మాత్రం పాఠ్యపుస్తకాల్లోకి రాదు. బరోడా నుంచి అవమానపడి బొంబాయి వచ్చాక, 1918లో సిడెన్‌హాం కాలేజీలో చేరేలోపు, షేర్లలో పెట్టుబడుల మీద సలహాలిచ్చే వ్యాపారం పెట్టాడు. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివొచ్చిన మనిషి. సలహా మంచిదే. ఇచ్చింది అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. ఆర్థిక అక్షరాస్యత ఉంటే చాలు, పేదరికం దానంతటదే పోతుందని చెప్పేవాళ్ళు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి. ఆ రోజు బొంబాయిలో ఆయనకంటే అక్షరాస్యుడు ఎవడు?

అందుకే ఆయన పాఠాలతో ఆగలేదు. 1928లో మహర్ల వతన్ చాకిరీ మీద, 1937లో ఖోతీ భూస్వామ్యం మీద బొంబాయి శాసనమండలిలో, శాసనసభలో బిల్లులు పెట్టాడు.

మన దగ్గర చట్టాల కథ కూడా చూడదగ్గదే. నిజాం రాజ్యంలో 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన వచ్చింది. కాగితం మీద వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. పాత అప్పులు తగ్గించింది, వడ్డీకి కళ్ళెం వేసింది. ఎవరికి? ఆ చట్టం దృష్టిలో వ్యవసాయదారుడంటే భూమి మీద అమ్ముకోదగ్గ హక్కు ఉన్నవాడు. ఆ భూమిని దున్నే పాలేరు వ్యవసాయదారుడు కాడు. అతని అప్పు అప్పులాగే ఉంది. వ్యవసాయ కూలీలనీ గ్రామీణ చేతివృత్తుల వాళ్ళనీ పేరు పెట్టి పిలిచిన రుణ విమోచన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చింది. మధ్యలో 39 ఏళ్ళు. అంతకు ముందు ఏడాది, 1976లో, వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అందులో నిర్వచనాల దగ్గర దేశంలోని రకరకాల వెట్టి పేర్ల జాబితా ఉంటుంది. భగేలా, జీతా, పాలేరు, వెట్టి అన్నీ అక్షరక్రమంలో వరసగా. తెలుగు మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కిన అరుదైన చోటు అది. మన భాషకి ప్రాచీన హోదా కోసం తిరిగిన పండితులెవరూ ఆ ఘనత గురించి చెప్పగా నేను వినలేదు.

బోయి భీమన్న 'పాలేరు' నాటకం స్వాతంత్ర్యానికి ముందే ఈ ముడిని రంగస్థలం మీద పెట్టింది. పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి జీతం మానేసి బడికి పోయినవాళ్ళు ఉన్నారని గోదావరి జిల్లాల్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అందులో చదువు ఉద్యోగానికి దారి అని చూశాం, సరే. అది అప్పు నుంచి బయటికి దారి అని కూడా చూడాలి.

ఇప్పటి సంగతి. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా, పెన్షన్ నియంత్రణ సంస్థలు కలిసి నడిపే జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం ఉంది. ఆరు నుంచి పది దాకా పిల్లలకి వర్క్‌బుక్కులు, పరీక్షలు, బళ్ళకి కార్యక్రమాలు ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 'రాజు – డబ్బు చెట్టు' లాంటి బొమ్మల కథలు వేసింది. వీటిని నేను ఎగతాళి చేయను. ఖాతా, ఏటీఎం, బీమా, ఓటీపీ ఎవరికీ చెప్పకు అన్నవి మన పిల్లలకి కావాల్సినవే. అయితే వాటిలో కుటుంబం ఎలాంటిదో గమనించండి. నాన్నకి నెల జీతం. ఖర్చులు పోను మిగులు. మిగులుని ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. ఈ కేంద్రమే 2019లో చేసిన సర్వే ప్రకారం దేశంలో ఆర్థిక అక్షరాస్యత 27 శాతం. ఆ అంకె పట్టుకుని పేదవాళ్ళకి డబ్బు సంగతి తెలియదని ఉపన్యాసాలు. మా వాడలో బడి గడప తొక్కని ఆడవాళ్ళు చీటీ పాడతారు. ఇరవై మంది, నెలకి వెయ్యి. ఒకామె నాలుగు వేలు తగ్గించి పాడితే తలకి రెండు వందలు పోను ఎనిమిది వందలు కట్టాలని కాగితం లేకుండా చెబుతారు. ఇప్పుడు పాడితే లాభమా, ఆఖరి దాకా ఆగితే లాభమా అన్న లెక్క నోటితోనే తేలుస్తారు. వాళ్ళు ఆ 73 శాతంలో ఉన్నట్టు!

ఈ మధ్య ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో గంటసేపు కూర్చున్నాను. యాభై వేలకి 36 శాతం చొప్పున రెండేళ్ళకి బారువడ్డీ ఎంత అని బోర్డు మీద రాస్తే సగం మంది చేతులెత్తారు. ముప్పై ఆరు వేలు. భేష్. మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెస్తే రెండేళ్ళకి ఎంత అన్నాను. చేతులు లేవలేదు. వెనక బెంచీలో ఒక పిల్ల మెల్లగా అంది: 'అది లెక్కల్లో రాదు మేడం, అది ఇంటి సంగతి.'

ఆ మాటతో పోట్లాడడానికే ఈ భాగం రాస్తున్నాను. బారువడ్డీ, చక్రవడ్డీ పాఠాలు మన పుస్తకాల్లో తరతరాలుగా ఉన్నాయి. పిల్ల పాఠంలో పదికి పది తెచ్చుకుంటుంది. ఇంట్లో అమ్మ ఖాళీ నోటు మీద వేలిముద్ర వేస్తుంటే పక్కన నిలబడి చూస్తుంది. ఆ రెండూ ఒకటేనని ఆమెకి చెప్పినవాళ్ళు లేరు.

చెప్పకపోతే ఏమవుతుందో 2010లో చూశాం. మైక్రోఫైనాన్సు కంపెనీలు ఒకరికొకరు పూచీ పెట్టించి ఆడవాళ్ళకి వారం వాయిదాల అప్పులిచ్చాయి. ఆత్మహత్యలు పెరిగి గొడవయ్యాక ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సొచ్చింది. ఆ లెక్క ఎలా ఉండేదో ఉదాహరణకి చూడండి. పదివేలు ఇచ్చారనుకుందాం. వారానికి 230 చొప్పున యాభై వారాలు. మొత్తం 11,500. వడ్డీ 15 శాతమేనమ్మా అంటారు. అబద్ధం కాదు, నిజమూ కాదు. ప్రతివారం అసలు తగ్గుతూ వస్తుంటే వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఏడాదికి సుమారు 29 శాతం. ఈ తేడా ఎనిమిదో తరగతి లెక్కే. 2020 ఆఖర్లో లోన్ యాప్‌ల వేధింపులకి తెలంగాణలో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. యాప్‌లో అయిదు వేల అప్పు అని ఉంటుంది, ఫీజులు పోను చేతికి మూడున్నర వేలు వస్తాయి, వారంలో అయిదు వేలు కట్టాలి అనుకోండి. నూటికి వారానికి దాదాపు 43 రూపాయలు. మనువు శూద్రుడికి నెలకి రాసింది అయిదు.

కాబట్టి హైస్కూల్లో నేర్పితే ఏం నేర్పాలో నా వరకు నేను అనుకుంటున్నవి చెబుతాను. రూపాయల వడ్డీని పన్నెండుతో హెచ్చిస్తే శాతమవుతుందని మొదటి రోజే చెప్పాలి. ప్రోనోటు అసలు కాగితం క్లాసులోకి తేవాలి. అంకెలోనూ అక్షరాల్లోనూ మొత్తం రాయనిదే, వడ్డీ రేటు రాయనిదే సంతకం పెట్టకూడదని, ఖాళీ నోటు, ఖాళీ చెక్కు ఇవ్వకూడదని చెప్పాలి. నోటు వెనక 'చెల్లు' అంటే ఏమిటో చెప్పాలి. కట్టిన ప్రతి రూపాయీ అక్కడ పడాలి. అదే సమయంలో, నోటుకి కాలదోషం మూడేళ్ళని, గడువు దగ్గర పడ్డప్పుడు వంద రూపాయలు కట్టించుకుని వెనక చెల్లు రాసి సంతకం తీసుకుంటే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయని కూడా చెప్పాలి. అప్పుకి బదులు మనిషిని పనికి పెట్టుకోవడం 1976 చట్టం ప్రకారం నేరమని, అలా పెట్టుకుంటే ఆ అప్పే రద్దవుతుందని చెప్పాలి. దళిత పిల్లలకే కాదు, ఊళ్ళో అప్పులిచ్చే ఇంటి పిల్లలకి కూడా. ఆ పిల్లలూ అదే బెంచీ మీద కూర్చుంటున్నారు ఇప్పుడు.

ఇవి చెప్పడానికి టీచర్లు జంకుతారు. ఊళ్ళో వడ్డీ వ్యాపారం చేసేవాళ్ళలో టీచర్లు కూడా ఉన్నారన్నది అందరికీ తెలిసిన రహస్యం. ఈ మాటకి కోపం తెచ్చుకునేవాళ్ళు ఎటూ తెచ్చుకుంటారు.

ఆ రోజు గంట కొట్టే లోపు ఆ పిల్లలు తమ ఇళ్ళ అప్పుల్ని పేర్లు లేకుండా బోర్డు మీద రాసి శాతాల్లోకి మార్చారు. అన్నిటికంటే పెద్ద అంకె 120. పది రూపాయల వడ్డీ, తిరునాళ్ళ ముందు తెచ్చిన సరుకు కోసం.

వచ్చే భాగంలో 1920ల నాటి మద్రాసు లేబర్ కమిషనర్ శాఖ మన వాడల్లో పెట్టించిన సహకార సంఘాల గురించి. ఇళ్ళ స్థలాలు కొనుక్కోవడానికి మనవాళ్ళు అణా అణా ఎలా కట్టారో అందులో రాస్తాను. మీ తాతల ఇళ్ళలో ఆ సంఘాల పాస్‌బుక్కులు గానీ, రసీదులు గానీ ఉంటే పారేయకండి, నాకు ఫోటో పంపండి.